పొగగొట్టం మూత

"కట్టెలతో వంట చేస్తున్నావా, వీధంతా వెచ్చబెడుతున్నావా?" అంటూ మా ఆయన పొగగొట్టం మూత పిడి తిప్పి మూసేశాడు. రోజూ ఉండే గొడవే. ఆయన గుమ్మం దాటగానే నేను తెరుస్తాను. అత్తగారు వచ్చి మళ్లీ మూస్తారు.

ఎండు కట్టెలన్నీ ముందుగది పొయ్యికే, ఈ చలికి మామగారి కాళ్లు వెచ్చగా ఉండాలి కదా. వంటింటికి పచ్చివి. బుస్సుమంటూ నీళ్లు కక్కుతాయి తప్ప మండవు. పైన మూత మూస్తే ఆ పొగ పోయేదెక్కడికి? నా తలలోకి. "వంటింట్లో అడుగుపెడితే చాలు, మహారాణికి తలనొప్పి," అంటారు అత్తగారు. "సినిమాకి పిలువమ్మా, ఎగిరిపోతుంది," అంటుంది ఆడపడుచు. వినీ వినీ, పని ఎగ్గొట్టడానికి ఈ నొప్పి నేనే తెచ్చిపెట్టుకుంటున్నానేమోనని నాకే అనుమానం పట్టుకుంది.

ఆ సాయంత్రం నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. "అమ్మా, నా కటింగ్ ప్లయర్ ఎక్కడ?" అని లోపల ఆయన గొంతు. పట్టించుకోలేదు. ఆయనది కరెంటు పని, రోజూ అడిగేదే.

లోపలికి వచ్చేసరికి మా పాప వంటింటి పొయ్యి పక్కనే, లెక్కల పుస్తకం మీద తల వాల్చి ఉంది.

"లే బంగారం."

లేవలేదు. కుదిపాను. తల పక్కకి వాలిపోయింది. పొగగొట్టం మూత పిడి లాగాను. కదల్లేదు. తీగతో బిగించి ఉంది. ఇంకోసారి లాగితే వేళ్లు తెగాయి. పాపని ఎత్తుకుని తలుపు తన్ని బయటపడ్డాను.

"తలుపు బార్లా తీశావేం, వేడంతా పోతోంది!" అత్తగారి కేక.

ఆసుపత్రిలో పాప ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. కళ్లు తెరిచింది. "మూత తియ్యడం మర్చిపోయుంటుందండీ. మా ఆవిడకి పొయ్యి చేతకాదు," అన్నాడాయన డాక్టరమ్మతో.

నేను అరచెయ్యి చాపాను. "మర్చిపోలేదండీ. తియ్యకుండా కట్టేశారు. తీగ కోసుకుంది."

"ఊరికే తెరుస్తోందని... కట్టెలు వేస్టని..." నసిగాడు.

డాక్టరమ్మ ఆయన్ని చూడలేదు. నన్నే చూసింది. "పొగ బయటికి పోకపోతే గదిలో నిండే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు. మీకూ తలనొప్పి వస్తుంటుందా?"

ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి. "వస్తుందండీ," అన్నాను.

బయట వరండాలో ఆయన గొంతు తగ్గించాడు. "పాపని పంపించగానే ఇంటికి పోదాం. ఆ తీగ తీసేస్తాలే."

"మేం రాం. మీరు వెళ్లండి," అన్నాను. "దాచిన వేడంతా మీరే కాచుకోండి."