చెయ్యెత్తిన లూషస్

ఎర్నెస్టీన్ కూలిపోయినా గొలుసు ఆగలేదు. కొక్కేలకు వేలాడే కోళ్లు ఆమె మీదుగా వరసగా వెళ్లిపోతూనే ఉన్నాయి. ఒంటికి వెళ్లొస్తానని పొద్దుట్నుంచి మూడుసార్లు అడిగింది. మేస్త్రీ మూడుసార్లూ గడియారం చూపించాడు. పడ్డప్పుడు గౌను తడిసిపోయింది.

మేడ మీది గాజు గదిలోంచి లూషస్ టార్వర్ అంతా చూశాడు. రాష్ట్ర కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడిన మొట్టమొదటి నల్లవాడు. పన్నెండేళ్లు తిరిగేసరికి ఈ మిసిసిపీ కోళ్ల ఫ్యాక్టరీలో టై కట్టుకునే ఏకైక నల్లవాడు. "తాగి వచ్చి పడింది, పనిలోంచి తీసేశాం" అని యజమాని రాయించిన కాగితం మీద ముత్యాల్లాంటి సంతకం పెట్టాడు. కాలేజీ చదువు ఊరికే పోతుందా!

రేపట్నుంచి పని ఆపేద్దామని సాయంత్రం చర్చిలో ఆడవాళ్ల మీటింగు. వాళ్లను సముదాయించి రమ్మని యజమాని అతన్నే పంపాడు.

"పని మానితే మీకే..." అని మొదలుపెట్టాడు లూషస్.

"ఆ టై కాస్త వదులు చెయ్యండే, మాట సరిగ్గా బయటికి రావట్లేదు పాపం," అంది ఒకామె. అందరూ నవ్వారు.

కోళ్లు కోసి కోసి వేళ్లు వంకర్లు తిరిగిన వెర్నెలత్త లేచింది.

"ఒరే లూషస్, నీ ఆట చూడ్డానికి బస్సు కట్టించుకుని వచ్చాం. ఈల మోగితే తప్పు చేసినవాడు చెయ్యెత్తాలి. తెల్లకుర్రాడు చేసిన తప్పుకి నువ్వెత్తావు. అబ్బ, ఎంత మర్యాదస్తుడో అని చప్పట్లు కొట్టింది నేనే. ఆ సిగ్గు నాకింకా పోలేదురా."

వాదించకు, నీ వెనక వచ్చే నల్లవాళ్లకు దారి మూసుకుపోతుంది అన్నాడు అప్పట్లో కోచ్. నాలుగేళ్లూ లూషస్ చెయ్యెత్తాడు. ముందు బెంచీలో ఎర్నెస్టీన్ తల దించుకుని కూర్చుంది. దించుకోవలసిన తల అది కాదు.

"ఆవిడ తాగలేదు," అన్నాడు లూషస్. "నేను చూశాను. చూసి కూడా సంతకం పెట్టాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఆ సంగతి మాకు తెలుసు," అంది ఎర్నెస్టీన్. "రేపు గేటు దగ్గర షరీఫుకి చెప్పు."

మర్నాడు గొలుసు కదల్లేదు. ఎనభైమంది ఆడవాళ్లు గేటుకు అడ్డంగా కూర్చున్నారు. లూషస్ చెప్పాడు. ఆ కాగితం అబద్ధమని షరీఫు మొహం మీదే చెప్పాడు. షరీఫు ఇరవైమందిని పోలీసు బండెక్కించి, అతని దగ్గరికి వచ్చేసరికి భుజం తట్టాడు.

"నువ్వింటికెళ్లు లూషస్. నీ ఆటంటే మావాడికి ప్రాణం."

బండిలోంచి ఇరవైమందీ చూస్తున్నారు. చెంపదెబ్బ అయినా అంత మండేది కాదు. షరీఫు చెయ్యి తప్పించి తనే ఎక్కాడు. తల పైకప్పుకు ఠంగుమని తగిలింది.

"జరగండే," అంది వెర్నెలత్త. "ఈ పొడుగాయనకి ఇద్దరి చోటు కావాలి."

తలుపు మూయబోతుంటే గేటు దగ్గర్నుంచి ఎర్నెస్టీన్ కేకేసింది.

"షరీఫుగారూ, ఇంకో మూడు బండ్లు తెప్పించండి! మేమింకా అరవైమందిమి ఉన్నాం."