పుంజు మాట

జెలానీకి ఏడేళ్ల జైలా, ఇంటి దారా అన్నది ఒక్క మాట మీద ఆగింది.

"బుండా కాలు నరికేస్తానని జెలానీ బెదిరించాడు." సాక్షి ముయాంగ్ చెప్పాడంటూ పోలీసులు రాసుకున్న మాట అది. అదే సాయంత్రం మిరియాల తోటలో ఎవరో బుండా కాలు నరికారు. ఇంకే ఆధారమూ లేదు.

మలేసియాలోని సరవాక్‌లో, రజాంగ్ నది ఒడ్డు కోర్టులో సలాంగ్ ముప్పై ఏళ్లుగా దుబాసీ. అక్కడి ఇబాన్ తెగవాళ్ల మాట విని జడ్జికి మలయ్‌లో అప్పగించాలి. హంతకుడు "నేనే పొడిచాను" అంటే తనూ "నేనే పొడిచాను" అనాలి. సొంత ముక్క కలిపితే ఉద్యోగం ఊడుతుంది. ఊరందరి "నేను"లూ మోసి మోసి అతని గొంతు అరిగిపోయింది.

జడ్జి సాక్షిని అడిగింది. "అతను సరిగ్గా ఏమన్నాడు?"

ముయాంగ్ మెడ గోక్కున్నాడు. "'ఇవాళ నీ కాలు ఇంటికి పట్టుకెళ్తా బుండా' అన్నాడు. బరి దగ్గర."

సలాంగ్ అప్పగించాడు. ఆమె రాసుకుని జెలానీ వైపు తిరిగింది. "ఏమైనా చెప్పుకుంటావా?"

"ఆ మాట అన్నాను. లేదని ఎలా అంటాను?"

ఓరి వెర్రివాడా, అనుకున్నాడు సలాంగ్. పుంజుకి కత్తి కట్టాక, పందెం తేలేదాకా యజమాని తన మాట మాట్లాడడు. పుంజు మాటే మాట్లాడతాడు. ఎదుటి పుంజుని దాని యజమాని పేరుతోనే పిలుస్తాడు. ఓడిన పుంజు కాలు గెలిచినవాడి ఇంటికి పోతుంది. తమ ఇబాన్‌వాళ్లలో పసిపిల్లలకీ తెలిసిన సంగతి. అందుకే ఎవరూ నోరు విప్పి చెప్పలేదు.

సలాంగ్ ఓపిక చేసుకుని లేచి జడ్జమ్మని పిలిచాడు. "పువాన్, ఇప్పుడు చెప్పేది నా మాట."

"నీకు ఇక్కడ మాట లేదు. కూర్చో."

"తెలుసు. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో సాక్షిని అడగండి. ఆ తర్వాత నన్ను పంపేయండి."

ఆమె కళ్లద్దాలు తీసి అతన్ని చూసింది. చివరికి అడిగింది.

ముయాంగ్ తెల్లబోయాడు. "ఎవరేంటి? జెలానీ పుంజు, బుండా పుంజుతో. కత్తి కట్టాక మనుషులు మాట్లాడతారా ఎక్కడైనా? పోలీసాయన 'కాలు తీస్తానన్నాడా' అంటే ఔనన్నా."

మధ్యాహ్నానికి జెలానీని వదిలేశారు. రేపట్నుంచి రావద్దన్న కాగితం సలాంగ్ చేతికొచ్చింది.

మెట్ల మీద జెలానీ ఎదురొచ్చి, తాతని పిలిచినట్టు పిలిచాడు. "అకీ, మా ఇంటికి రా, తిందాం. ఆ బుండా పుంజు కాలు మా ఆవిడ పొగబెట్టి పొయ్యి మీద వేలాడదీసింది."

"అది ఇంట్లోనే ఉందా? కోర్టులో చెప్పొచ్చు కదరా."

"ఎవరడిగారు?"

తిట్టడానికి కూడా ఓపిక లేక సలాంగ్ మెట్టు మీద కూలబడ్డాడు.