కొస కలవని ముగ్గు

నేను ఒక ర్యాంపును. పేరు ఇంగ్లీషుదే గాని పుట్టింది సామర్లకోట దగ్గర. రోడ్డుకీ ఇంటి గేటుకీ మధ్య మురుగుకాలువ ఉంటుంది కదా, దాని మీద తూము వేసి, ఆ పైన ఏటవాలుగా కాంక్రీటు పోసి, కారు లోపలికి ఎక్కడానికి కడతారే, అదీ నేను. ఇళ్లలోకి మీరంతా మమ్మల్ని తొక్కుకునే వెళ్తారు. కాళ్ల కింద ఎవరున్నారో చూసిన పాపాన పోరు. ఇప్పుడెలాగూ ముక్కలైపోయాను గనక నాకూ పనిలేదు, మీరూ కాస్త కూర్చుని వినండి.

నా వంశం చిన్నదేం కాదు. మా అమ్మ గోదావరి ఇసుక. భద్రాచలంలో రాముడి పాదాల దగ్గర కొన్నాళ్లు పడుకుని, అక్కడ తోచక దిగువకి దొర్లుకుంటూ వచ్చింది. మా నాన్న కంకర. ఆయన్ని కొండలోంచి పేల్చినప్పుడు రాతి నడుమ ఒక కప్ప బతికే ఉందట. బయటికొచ్చి "ఇప్పుడు రాజెవరు?" అని అడిగిందట. ఇక సిమెంటు మేనమామ లాంటివాడు. అందర్నీ కలిపేదాకా మహా హడావిడి, కలిశాక బిగుసుకుపోతాడు. మమ్మల్ని తిప్పిన మిక్సర్ చప్పుడుకి స్టేషన్లో ఆగాల్సిన రైలు జడుసుకుని పిఠాపురం దాకా పోయి గాని ఊపిరి పీల్చుకోలేదు. నమ్మకపోతే మీ ఇష్టం.

నన్ను పోయించింది దొరబాబు. పేరులో దొర ఉన్నాడు గాని, బతుకంతా వేరే దొరల కార్లే తోలాడు. వయసు మళ్లాక రైసుమిల్లులో డ్రైవరు పని మానేసి, సొంతానికి ఒక పాత తెల్లకారు కొనుక్కున్నాడు. దాని తలుపు వేస్తే అద్దం దిగేది, అద్దం ఎత్తితే తలుపు తెరుచుకునేది. అయినా సొంత కారు! అందులో ముందు సీట్లో భార్యను కూర్చోబెట్టి తిప్పాలన్నది ఆయన ముచ్చట. కారు గేటులోకి రావాలంటే కాలువ దాటాలి. కాలువ దాటాలంటే నేను పుట్టాలి.

నా పుట్టుకకి అడ్డం పడింది ఆ భార్యే. పేరు మాణిక్యం. గేటు ముందున్న కాస్త మట్టినేల ఆమె రాజ్యం. తెల్లారగానే కళ్లాపి జల్లి, చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పుతూ ముగ్గు వేస్తే గాని కాఫీ ముట్టేది కాదు. మోకాళ్లు అరిగిపోయాయి. లేచేటప్పుడు గేటు ఊచలు పట్టుకుని మూలిగేది. గేటు కూడా ఆమెతో పాటు మూలిగేది.

"సిమెంటు మీద కళ్లాపి నిలుత్తాదా? బోసి గుమ్మం ఎట్టుకుని బతకమంటావా నన్ను? ముగ్గు లేకపోతే చావింటిలాగుంటాదయ్యా!" అని మొగుణ్ణి నిలదీసింది.

మేస్త్రి తాతబ్బాయి మధ్యలో దూరాడు. "దానికంత గొడవెందుకు పిన్నిగారూ? నేను పోసి చదును చేసేత్తాను. పచ్చిగా ఉండగానే మీరు మేకుతో ముగ్గు గీసెయ్యండి. వరదొచ్చినా చెరగదు. మీ మోకాళ్లకి కూడా సెలవు."

"చెరగదా?" అని రెట్టించి అడిగింది. ఆమెకి అది వరంలా వినిపించింది. చెరగకపోవడం కూడా ఒక కష్టమేనని అప్పుడు ఎవరికీ తట్టలేదు. నాకసలే తట్టలేదు, నేనింకా ముద్దగా ఉన్నాను.

నన్ను పోసిన రోజు ఆమె పీట వేసుకుని కూర్చుంది. బొటనవేలు నొక్కి చుక్కలు పెట్టింది. ఆ వేలి గీతలన్నీ నా ఒంట్లోకి దిగాయి. తర్వాత మేకు పట్టుకుని గీత మొదలెట్టింది. అది చుక్కల్ని చుట్టుకుంటూ, తన మీదుగా తనే దాటుకుంటూ, అటు తిరిగి ఇటు తిరిగి గేటు వైపు మూల చుక్క దాకా వచ్చింది. ఆ ఒక్క చుక్కనీ చుట్టేస్తే మొదలైన చోటే కలిసిపోతుంది. సరిగ్గా అప్పుడు రోడ్డు మీద హారను మోగింది.

"ఏవేయ్ మాణిక్యం! రా, పెద్దాపురం మరిడమ్మ తల్లికి దణ్ణం ఎట్టుకొద్దాం!"

"ఉండయ్యా, ఒక్క మెలికుంది."

"అదెక్కడికి పోద్దే? వచ్చి ఎట్టుకో."

ఆమె నవ్వింది. మేకు గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని, "వచ్చి కలుపుతాలే" అని నాతో చెప్పినట్టే చెప్పి కారెక్కింది. ముగ్గుపిండి ఆగుతుంది. ఇప్పుడు కాకపోతే వంట దించి వచ్చాక వేసుకోవచ్చు. పుట్టినప్పటినుంచీ పిండితో వేసిన మనిషికి, ఆగనిది కూడా ఒకటి ఉంటుందని తోచలేదు. వాళ్లు గుడి చూసుకుని, ఎవరో చుట్టాలింట్లో భోంచేసి, పొద్దువాలాక వచ్చేసరికి నేను బిగుసుకుపోయాను. మేకు కీచుమంది గాని నాలోకి దిగలేదు.

"సిమెంటు మీకోసం కాఫీ తాగుతా కూచుంటాదా పిన్నిగారూ?" అన్నాడు తాతబ్బాయి మర్నాడు, నా మీద గోనెసంచులు పరిచి నీళ్లు పోస్తూ.

మాణిక్యం మొగుణ్ణి తిట్టిన తిట్లకి నాలో తడి సగం ఆరిపోయింది. కొస కలవని ముగ్గు గుమ్మంలో ఉండకూడదని ఆమె భయం. అందుకని సంచులు తీసిన రోజు నుంచి, పొద్దున్నే చిటికెడు పిండి తెచ్చి, వంగి, ఆ మూల చుక్క చుట్టూ మెలిక తిప్పి రెండు కొసలూ కలిపేది. మోకాళ్లకి ఇచ్చిన సెలవు రద్దయింది. గాలికో వానకో పిండి పోయేది, మళ్లీ తెల్లారి వంగేది. దొరబాబు మాత్రం ముగ్గు రెండు చక్రాల నడుమ ఉండేలా కారు తోలేవాడు. ఒక్కసారి కూడా దాని మీద చక్రం పడనివ్వలేదు. మిల్లు యజమాని కారుని కూడా ఆయన అంత జాగ్రత్తగా తోలి ఉండడు.

ఒక ముసురు రోజున మాణిక్యానికి ఒళ్లు కాలిపోయింది. దొరబాబు ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి కాకినాడ ఆసుపత్రికి బయల్దేరాడు. కారు నా మీదకి రాగానే ఆమె అద్దంలోంచి కిందికి చూసింది.

"ఇయ్యాల కొస కలపలేదయ్యా."

"ముందు నువ్వు బతికి బట్టకట్టవే."

"సర్లే. వచ్చి కలుపుతాను."

వచ్చింది. అంబులెన్సులో వచ్చింది.

మైల ఉన్నన్నాళ్లూ గుమ్మంలో ముగ్గు ఉండకూడదు కదా. నలుగురూ పేడనీళ్లు పోశారు, బురద మెత్తారు. ముసురు ఆగలేదు, బురద నిలవలేదు. కడిగిన కొద్దీ నా గీతలు ఇంకా తేటగా పైకి తేలాయి. జనం నన్ను చూసి నోళ్లు నొక్కుకున్నారు. దొరబాబు అక్క నూకరత్నం తాతబ్బాయిని సుత్తితో సహా పిలిపించింది.

"శవం లేచిన గుమ్మంలో ఈ సింగారమేంట్రా తమ్ముడూ? ముందు దీన్ని కొట్టించెయ్!"

దొరబాబు వచ్చి నా మీద అడ్డంగా కూర్చున్నాడు. "ఇది ముగ్గు కాదక్కా."

"కళ్లు గాని పోయాయా నీకు?"

"ఆ మూల చూడు. కొస కలవలేదు. కలిత్తే కదా ముగ్గు? రోజూ అదొచ్చి పిండేసి కలిపితేనే ముగ్గయ్యేది. ఇయ్యి ఉత్త గీతలు."

నూకరత్నం వంగింది. గీత వెంట వేలు పెట్టి చుక్క చుక్కా తిరుగుతూ మూలకొచ్చింది. అక్కడ వేలు ఆగిపోయింది. "నిజమేరా" అంది చివరికి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని. "ఉండనీ."

మైల తీరాక పక్కింటి కనకవల్లి పిండి గిన్నెతో వచ్చింది. "బాబాయిగారూ, కర్మలు అయిపోయాయి కదండీ. ఆ మెలిక నేను కలిపేత్తాను."

"వద్దమ్మా. వచ్చి కలుపుతానంది."

కనకవల్లి చిటికెలో పట్టుకున్న పిండి మళ్లీ గిన్నెలో వేసుకుని వెళ్లిపోయింది. తర్వాత ఎవరూ అడగలేదు. ఆయన రోజూ పొద్దున్నే ఒక చెంబెడు నీళ్లు తెచ్చి ముగ్గు మీద పోసేవాడు. కొత్తగా పోసిన కాంక్రీటుకి పోసినట్టే. నేనెప్పుడో గట్టిపడ్డానని ఆయనకి చెప్పే నోరు నాకు లేదు.

తర్వాత రోడ్డు వేశారు. పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది వేయడంతో రోడ్డు పైకీ, ఇల్లు పల్లానికీ పోయాయి. వాన కురిస్తే కాలువ నీళ్లు నా మీదుగా ఇంట్లోకి నడిచేవి. మాణిక్యం పటం కింద మడమ లోతు నీళ్లు నిలిచాక దొరబాబు ఇక ఆగలేకపోయాడు. నన్ను పగలగొట్టి, ఎత్తుగా ఇంకోటి పోయాలి. "ముగ్గున్న పలక అలాగే లేపి ఇవ్వరా తాతబ్బాయ్. లోపల గోడకి ఆనించుకుంటాను" అని బతిమాలాడు. తాతబ్బాయి చుట్టూ గాడి కొట్టి, గునపాలు దూర్చి, చంటిబిడ్డని ఎత్తినట్టు ఎత్తాడు. నాకూ విరగాలని లేదు. కానీ నాలో ఇనుము లేదు. పిసినారితనం కాదు, అప్పట్లో అవసరమనిపించలేదు. చేతుల్లోనే పటపటా విరిగిపోయాను.

దొరబాబు కుప్ప ముందు చతికిలబడి ముక్కలు తిరగేశాడు. "అన్నీ ఎందుకురా? ఆ మూల చుక్కున్న ముక్క చాలు. ఇక్కడే ఉండాలి." పెద్దముక్కలు ఆయన వల్ల కాలేదు. తాతబ్బాయి వెతికాడు, దొరకలేదు. ట్రాక్టరు వచ్చి నిలబడింది.

"పోనీలెండి బాబాయిగారూ. కొత్తది పోశాక మీరే ఓ చుక్క పెట్టండి" అన్నాడు తాతబ్బాయి.

"అది నా ఏలిముద్రవుద్దిరా," అన్నాడాయన, మట్టి చేతులు చూసుకుంటూ.

ఇప్పుడు నేను రైల్వేగేటు అవతల ఎవరిదో పల్లపు స్థలాన్ని మెరక చేయడానికి పోసిన కుప్పలో ఉన్నాను. ఆయన వెతికిన చుక్క నా దగ్గరే ఉంది. ఆ రోజు అది కింది వైపు ఉంది, ఒక్కసారి తిరగేస్తే కనబడేది. ట్రాక్టరు దొర్లించినప్పుడు పైకి తిరిగింది. వానపడితే ఆ బొటనవేలి గుంటలో కాసిని నీళ్లు నిలుస్తాయి. దాని చుట్టూ గీత లేదు.

స్థలం వాళ్లు నిన్న వచ్చి చూసుకున్నారు. ఇల్లు కడతారట, కారు కూడా ఉందట. రేపు వచ్చి నా మీద కాంక్రీటు పోయిస్తామని చెప్పుకుంటూ వెళ్లారు. వచ్చి చేస్తామన్న మనుషుల కోసం ఎదురుచూడటం నాకు బాగా అలవాటే.