టెంపోవాడు చచ్చిన రోజు

టెంపోవాడు జైల్లో చచ్చిపోయాడన్న వార్త మగ్గాల పనికి వలసొచ్చిన మా తెలుగువాళ్ల గోడాదరా బస్తీకి పాలప్యాకెట్ల కంటే ముందే వచ్చింది. ఇక ఎవరికీ కాళ్లు నేల మీద ఆగలేదు. మూల మీద లోచో టిఫిన్ అమ్మే బండివాడు ఇవాళ అందరికీ ఉచితమని అరిచాడు. ఒక్క పచ్చిమిరపకాయ ఎక్కువ అడిగితే మొహం చిట్లించే మనిషి! దీపావళికి కాల్చగా మిగిలిన టపాసుల లడీలు అటకల మీంచి దిగాయి. వాడి ఫొటోకు చెప్పుల దండ వేసి రీళ్లు చేశారు. గుండె ఆగి చచ్చాడట, ఇంత సుఖమైన చావా అని కొందరు తిట్టారు, తిడుతూనే మిఠాయి తిన్నారు.

వాడు చేసింది చిన్న పాపం కాదు. చీరల పార్సిళ్లు మోసే టెంపో నడిపేవాడు. సాయంత్రం పని దిగి ఇళ్లకు పోయే ఆడపిల్లలను ఎక్కించుకుని ఐదుగురిని చంపాడు. ఐదుగురి శవాలూ ఖాడీ కాలువ ఒడ్డున దొరికాయి. ఆరో పిల్ల మా ఎదురింటి హారతి. చీరల మీద రాళ్లు అతికించే పనికి పోయేది. ఆమె చున్నీ టెంపో సీటు కింద దొరికింది. ఆమె మాత్రం దొరకలేదు.

హారతి ఎక్కడని అడిగితే ఖాడీలో పడేశానని ఒకసారి చెప్పాడు. ఊరి బయట కోసాడ్ అవతల పాతిపెట్టానని ఇంకోసారి చెప్పాడు. కోర్టులో నిలబడి అసలా పిల్లనే ఎరగనన్నాడు. వాడు చెప్పిన చోటల్లా పోలీసులు తవ్వారు. తవ్విన ప్రతిచోటికీ హారతి తల్లి రాజమ్మ ఒక కొత్త చీర సంచిలో పెట్టుకుని వెళ్లింది, బిడ్డ మీద కప్పడానికి. ప్రతిసారీ ఆ చీర మడత నలగకుండా ఇంటికి తెచ్చింది.

వాడికి యావజ్జీవ శిక్ష పడినప్పుడు ఉరి వెయ్యాలని మా వాళ్లంతా కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగారు. రాజమ్మ కూడా నడిచింది, నడవకపోతే ఊరుకుంటారా? కానీ ఇంటికొచ్చాక వాడు నూరేళ్లు బతకాలని మల్లన్నకు మొక్కుకుంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. నేను మునిసిపల్ స్కూల్లో తెలుగు టీచర్ని. నా మాటకు ఆఫీసుల్లో విలువుంటుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం చెడగొట్టడం ఇష్టంలేక, ఎవరెవరి కాళ్లో పట్టుకుని అనుమతి తెచ్చి, ఆమెను జైలుకు తీసుకెళ్లేదాన్ని.

వాడు ఇనప జాలీ వెనక నిలబడి నవ్వేవాడు. "ఇవాళ గుర్తు రావట్లేదు మాసీ, మళ్లీ రా" అనేవాడు హిందీలో. నాకు ఆ జాలీ పీకి వాడి మొహం పచ్చడి చెయ్యాలనిపించేది. రాజమ్మ మాత్రం బస్సులో కిటికీ పక్కన కూచుని తనకు తనే సర్దిచెప్పుకునేది. "ముసలోడైతే మెత్తవడ్తడు టీచరమ్మా. రోగమొస్తే దేవుడు యాదికొస్తడు. గప్పుడు చెప్తడు." ఆమెకు బతుకులో మిగిలిన ఆశంతా వాడి ముసలితనమే.

ఆ ముసలితనం రాకుండానే వాడు పోయాడు.

పది గంటలకల్లా మా యువజన సంఘం అధ్యక్షుడు రాంప్రసాద్ డీజే బండితో సహా మా గల్లీలోకి దిగాడు. 'చెల్లి హారతికి న్యాయం జరిగింది' అని నిలువెత్తు ఫ్లెక్సీ. పిల్ల కనబడకుండా పోయినప్పుడు పోస్టరు వేయించమంటే మంచి ఫొటో లేదని వారం తిప్పిన పెద్దమనిషి ఇతనే. ఇవాళ గంటలో ఎంత చక్కని ఫొటో దొరికిందో!

"పెద్దమ్మా, బయటికి రా! పీడ వోయింది. నీ చేత్తోని అందరికి లడ్డూలు పంచాలె" అని తలుపు కొట్టాడు.

రాజమ్మ భర్త సోమలింగం రాత్రిపాళీ నుంచి అప్పుడే వచ్చాడు. మగ్గాల మోతలో సగం చెవులు పోయిన మనిషి, ఏం జరుగుతోందో అర్థంకాక గుమ్మంలో నిలబడ్డాడు. ఆడవాళ్లు అతన్ని తోసుకుని లోపలికి పోయి రాజమ్మను రెక్కలు పట్టి తెచ్చారు. ఆమె జుట్టు ముడి వీడిపోయి ఉంది. మొహంలో ఏమీ లేదు. ఆమెను అట్లా చూసి నాకు భయం వేసింది.

మాలో శవం వాకిట్లో ఉంటేనే శోకం పెడతారు. ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు కౌగిలించుకుని, పోయినవాళ్లను పేరుపెట్టి పిలుస్తూ, రాగం తీసి ఏడుస్తారు. శవం చూడకుండా శోకం పెడితే బతికున్న మనిషికి కీడు. అందుకే రాజమ్మ బిడ్డ కోసం ఒక్కనాడూ శోకం పెట్టలేదు, ఎవరినీ పెట్టనివ్వలేదు. హంతకుడు పోయాడు కాబట్టి ఇక ఆ పట్టింపు తీరిందనుకుంది గల్లీకి పెద్దదైన చిన్నవ్వ. రాజమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, "ఓ బిడ్డా... హారతీ..." అని ఎత్తుకుంది.

రాజమ్మ ఆమె నోరు మూసింది. "నా బిడ్డ పేరెత్తకు అవ్వా! నా బిడ్డను ఎవలన్న జూసిండ్రా?"

డీజే ఆపేశారు. అప్పుడు ఆ నిశ్శబ్దంలో రాజమ్మే శోకం ఎత్తుకుంది.

"చస్తివా కొడుకో... చెప్పకుండనే చస్తివా కొడుకో... మల్ల రమ్మంటివి కొడుకో, మల్లొచ్చేదాంక ఉండకపోతివి కొడుకో... నా బిడ్డ యేడున్నదని నేనెవల్ని అడగాలె కొడుకో..."

ఎవరి కోసం ఏడుస్తోందో అర్థమవడానికి జనానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చిన్నవ్వ చేతులు మెల్లగా వదిలేసింది. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. రాంప్రసాద్ లడ్డూల డబ్బా మూత పెట్టి, "ముసల్దానికి దిమాఖ్ కరాబైంది" అన్నాడు. అతని చెంప అక్కడే వాయించనందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. క్షణాల్లో గల్లీ ఖాళీ అయింది. ఫ్లెక్సీ మాత్రం వదిలేసి పోయారు.

సోమలింగం భార్య ఎదురుగా కింద కూచున్నాడు. "నువ్వు ఆని కాడికి పోయినవా?"

"పోయిన."

"నాకెందుకు జెప్పలే?"

"జెప్తే పోనిస్తువా?"

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతుంటే చూడలేక నేను తల తిప్పుకున్నాను.

కాసేపటికి రాజమ్మ లేచి జుట్టు ముడేసుకుంది. "ఆన్ని పెద్ద దవాఖానకు తెచ్చిండ్రట. జర నాతోని రా టీచరమ్మా" అంది. నేను చెప్పులేసుకున్నాను.

ఆసుపత్రి గేటు దగ్గర వందలమంది. వాడి శవానికి చెప్పుల దండ వేస్తామని కొందరు, శవాన్ని తమకిస్తే ఖాడీలో పడేస్తామని కొందరు. ఎవరి చేతిలో చూసినా ఫోనే. మేమిద్దరం వెనక దారిన శవాల గది దాకా వెళ్లాం. అక్కడ కుర్చీలో ఒక ఆడ కానిస్టేబుల్ కూచుని ఉంది. వాడి తరఫున పొద్దున్నుంచి ఒక్కరు కూడా రాలేదట. సొంతవాళ్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడనంది. తర్వాత రాజమ్మ వాచిన కళ్లు చూసి, "ఉస్కీ మా హో క్యా?" అనడిగింది. వాడి తల్లివా అని.

కాదనడానికి నేను నోరు తెరిచేలోపే రాజమ్మ "హా" అంది.

కానిస్టేబుల్ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఇలాంటివాణ్ణి కనే బదులు గొడ్రాలిగా ఉండాల్సిందని తిట్టింది. ఇంకా చాలా అంది. తన బిడ్డను చంపినవాడి కోసం ఆ తిట్లన్నీ రాజమ్మ తల వంచుకుని పడింది. అన్నీ అయ్యాక చేతులు జోడించి, వచ్చీరాని హిందీలో, పోయే ముందు ఏమైనా చెప్పాడా అని అడిగింది.

ఏమీ చెప్పలేదట. రాత్రి రొట్టె తిని పడుకున్నాడట, పొద్దున లేవలేదట. చివరికి ఆ కానిస్టేబుల్ కూడా ఆడదే కదా, కాస్త మెత్తబడి, "బాధ పడకమ్మా, నీ కొడుకు ఏ నొప్పీ లేకుండా నిద్రలోనే పోయాడు" అని ఓదార్చింది.

రాజమ్మ గోడ పట్టుకుని నా వైపు తిరిగింది.

"నువ్వడుగు టీచరమ్మా. నీ హిందీ మంచిగుంటది. నిద్రల ఏమన్న కలవరించిండేమో. పక్కకు పన్నోళ్లు ఎవలన్న ఇన్నరేమో. జర అడుగు."

అడిగాను. వాణ్ణి విడిగా ఒంటరి గదిలో ఉంచేవారట. పక్కన ఎవరూ లేరట.