రెండు ఎడమ రెక్కల విమానం

నేను ఒక విమానాన్ని. అలాగని మెడ ఎత్తి ఆకాశంలో వెతక్కండి. ముప్పై ఏళ్లు అట్టపెట్టెలో ప్లాస్టిక్ ముక్కలుగానే పడి ఉన్నాను. ఓపికున్నవాళ్లు ఆ ముక్కలు విడదీసి, గరుకు కాగితంతో రుద్ది, జిగురుతో అతికించుకుంటే జానెడు విమానం అవుతుంది. నన్ను తయారుచేసిన కంపెనీ మూతపడింది, అచ్చులు తుక్కుకి పోయాయి. అంతే, బొమ్మల కొట్లో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నదాన్ని రాత్రికి రాత్రి మహారాణినైపోయాను.

నాలో ఒక గుట్టుంది. ప్యాకింగులో కూర్చున్న అమ్మాయి పక్కామెతో కబుర్లలో పడి నా పెట్టెలో రెండూ ఎడమ రెక్కలే వేసింది. పైన పలచని ప్లాస్టిక్ కవరు బిగించేశారు. ఆ కవరు చిరగనంతకాలం నా పరువుకి ఢోకా లేదు. చిరగకపోతే నేను విమానాన్నీ కాను.

నన్ను కొన్నవాళ్లలో విశాఖలో ఓడల ఇంజనీరు ఒకాయన, సికింద్రాబాదులో పళ్ల డాక్టరు ఒకాయన. ఇద్దరూ నన్ను చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయలా ఆడించి చూశారు. గలగలమనగానే అన్నీ ఉన్నాయని మురిసిపోయారు. ఎడమ రెక్క కూడా గలగలమంటుందని పాపం వాళ్లకు తోచలేదు. సీలు విప్పితే విలువ పోతుందని నన్ను పూజించారే తప్ప విప్పలేదు.

చివరికి కాకినాడలో దివాకరం గారి చేతికొచ్చాను. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు, నాకోసం ఏడేళ్లు వెతికారు. ఈ పిచ్చి ఉన్నవాళ్లకి ఒక ఆచారం ఉంది. ఏదైనా రెండేసి కొనాలి, ఒకటి కట్టుకోవడానికి, ఒకటి దాచుకోవడానికి. నేను ఒక్కదాన్నే దొరికాను కాబట్టి దాచుకునేదాన్నయ్యాను. రెండోది దొరికాక కడదామనుకుంటూ ఉండగానే మాస్టారి చేతులు వణకడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఇంకా పెరుగుతుందని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి రోజూ నన్ను కిందికి దింపి, పెట్టె మీది బొమ్మ చూసుకుని, మళ్లీ పైన పెట్టేవారు.

"ఇన్ని పెట్టెలున్నాయి కదండీ, ఒక్కటైనా విమానం అయ్యిందా?" అనేవారు భార్య మాణిక్యాంబ గారు, జాకెట్లు కుట్టే మిషను ముందు నుంచి.

"ఇప్పితే విలువ పోద్దే."

"ఇప్పకపోతే అట్టపెట్టే కదా!"

ఒక ఆదివారం రాజమండ్రి నుంచి జోగారావు వచ్చాడు. ఆయనా ఇలాంటి పెట్టెలే పోగేసే మనిషి. "మాస్టారూ, ఆ చేతులతో ఇంక మీరు కట్టేదేముందండి? నాకిచ్చేయండి. సీలు మీద గోరు కూడా పడనివ్వను, ఒట్టు!"

మాస్టారు మిషను మీదున్న బ్లేడు తీసుకుని నా కవరు కోసేశారు. జోగారావు కెవ్వుమన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ముక్కలన్నీ మంచం మీద పరిచారు. ఎడమ రెక్క. ఇంకో ఎడమ రెక్క. మాస్టారి మొహం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఎవరో చేసిన తప్పుకి శిక్ష ఆయనకి పడింది. జోగారావు మాత్రం ఎగిరి గంతేశాడు. "ప్యాకింగు తప్పండీ బాబూ! ఇలాంటిది ఇంకెక్కడా దొరకదు. ముట్టుకోకండి, ఉన్నదున్నట్టు నాకిచ్చేయండి!" చూశారా, కుడి రెక్క లేదని తెలిశాక నాకు గిరాకీ ఇంకా పెరిగింది.

మాణిక్యాంబ గారు కళ్లజోడు సవరించుకుని రెక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. "కంగారులో జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపువి కత్తిరించేస్తే ఏం చేస్తామండీ? ఒకటి తిరగేసి కుట్టేస్తాం. దీన్నీ తిరగేయండి."

తిరగేస్తే అది కుడి రెక్కే అయింది. కాకపోతే కింద ఉండాల్సిన, చక్రం ముడుచుకునే గుంట పైకొచ్చి ఆకాశాన్ని చూస్తోంది. ఉంటే ఉండనీ అన్నారు మాస్టారు.

పదకొండు రోజులు పట్టింది. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకునేవారు, ఆయన అతికించేవారు. మధ్యలో దెబ్బలాడుకున్నారు కూడా. చివరి రోజు జిగురంటిన మాస్టారి బొటనవేలు జారి నా ముక్కు మీద పడింది. ఆ జిగురుకి ప్లాస్టిక్ కరిగి ఆయన వేలిముద్ర దిగిపోయింది.

"అయ్యయ్యో! రుద్దేస్తే పోద్దండి మాస్టారూ," అన్నాడు జోగారావు, చూడటానికి వచ్చినప్పుడు. మాణిక్యాంబ గారు రుద్దనివ్వలేదు.

రెండేళ్లయింది. ఇప్పుడు నన్ను కొనేవాడు లేడు, నాకు ఆ చింతా లేదు. మాస్టారి చేతిలో టీ గ్లాసు నిలవడం లేదు, ఆవిడే తాగిస్తున్నారు. పొద్దున్నే నన్ను తుడిచేటప్పుడు ఆవిడ ఆ ముద్ర మీద తన బొటనవేలు ఆనించి కాసేపు నిలబడతారు. ఆ ముద్ర వణకదు.