కొంగున సజ్జలు

ఏటా కార్తీకంలో కనిగిరి అమ్మవారిశాల భజన ఆడవాళ్ళు వ్యాను మాట్లాడుకుని కొత్తపట్నం సముద్రానికి పోతారు. స్నానాలు చేసి, దీపాలు వదిలి, పులిహోర తిని, ఉత్తరాన్నుంచి వలస దిగే పాటపిట్టలను చూసి వస్తారు. అంత దూరం ఎగిరొచ్చేసరికి వాటిల్లో ఒకదానికి గొంతు అరిగిపోయి ఉంటుంది. అది ఒడ్డునున్న ఎవరో ఒకరి భుజాన వాలి గొంతు అరువడుగుతుంది. ఇచ్చినావిడ ఉగాదికి పిట్టలు తిరిగిపోయేదాకా నోరు మూసుకుని ఉంటుంది. పోయినేడు పప్పుల దుకాణం రాములమ్మ ఇచ్చింది. అన్ని నెలలూ ఆమె మొగుడు నిమ్మళంగా ఉన్నాడని వ్యానులో ఒకటే నవ్వులు.

రామతులసమ్మ మాత్రం నవ్వలేదు. కాపురానికొచ్చిన నాటినుంచీ భజనలో ముందు పాట ఎత్తుకునేది ఆమే. మొన్న దసరాకు అది తోడికోడలు అనంతలక్ష్మికి పోయింది. చిన్నదాని గొంతు లేతగా ఉందట. అందరూ మెచ్చుకుంటుంటే రామతులసమ్మ పైకి నవ్వింది గానీ కడుపు రగిలిపోయింది, అన్నం సయించలేదు. ఆ గొంతు కాస్తా పిట్ట పట్టుకుపోతే ఉగాది దాకా పీడ వదులుతుందనుకుంది. సజ్జలు ఎవరి కొంగున ఉంటే పిట్ట వాళ్ళ దగ్గరికే వస్తుందని అందరికీ తెలిసిందే.

తెల్లారి అందరూ నీళ్ళలో ఉండగా ముందే ఒడ్డుకొచ్చి, బుట్టలో అనంతలక్ష్మి పొడిచీర కొంగున గుప్పెడు సజ్జలు ముడేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నీళ్ళలోకి దిగింది. కానీ వాళ్ళత్త రమణమ్మ, కోడళ్ళకు పేచీ రాకూడదని, ఎప్పుడూ ఒకే రంగు, ఒకే అంచు చీరలు తీస్తుంది. అనంతలక్ష్మి వణుక్కుంటూ వచ్చి, ఏదైతే ఏంలే అని చేతికందింది చుట్టుకుంది. మిగిలిన చీర కట్టుకుని కొంగు విదిలిస్తే ముడి రామతులసమ్మ మోకాలికే తగిలింది. గోళ్ళతో లాగుతుండగానే నీళ్ళ మీదుగా పిట్టలు కూసుకుంటూ గుంపులు గుంపులుగా వచ్చేశాయి. కూయనిది ఒకటి దిగి ఆమె భుజాన వాలింది. పిట్ట అడిగితే లేదనడం ఎవరి తరమూ కాదు.

అది సరుగుడు కొమ్మెక్కి పాట ఎత్తుకుంది. తన గొంతును అట్లా ఎదురుగా నిలబడి వినడం రామతులసమ్మకు అదే మొదలు. ఎంత బాగుందో. చిన్నదాని గొంతు దాని ముందు ఎందుకూ చాలదు. ఇప్పుడది పిట్టది. ఆ పిట్టను చూసినా ఆమెకు ఒళ్ళు మండింది.

అంతలో అనంతలక్ష్మి ఆమె కొంగుముడి చూసింది. ముడిలోంచి సజ్జలు రాలుతున్నాయి. గబగబా వచ్చి కాళ్ళకు దండం పెట్టింది.

"ముందు పాట నాకు వదిలేదానికి గొంతే ఇచ్చేసినావా అక్కా? నువ్వు కుళ్ళుకుంటున్నావని వాళ్ళంతా అంటే నిజమే అనుకున్నా. నేనెంత పాపిష్టిదాన్ని."

రమణమ్మ కళ్ళొత్తుకుంది. ఇంత మంచి కోడలు ఎవరికి దొరుకుతుందని నలుగురూ అన్నారు.

కాదని చెప్పడానికి రామతులసమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఉగాది దాకా రాదు.