సాగనంపిన చోటికే

జూన్‌లో బంధువులంతా చేరి యెసేనియాను యూనివర్సిటీకి సాగనంపారు. వాళ్లమ్మ నుదుటిమీద శిలువ గీసి దీవించింది. రోడ్రిగో బాబాయి తన ట్రక్కు వెనక అద్దానికి యూనివర్సిటీ స్టిక్కరు అంటించుకున్నాడు. స్నేహితురాలు నోయెమి మెడ కావలించుకుని ఎంతకీ వదల్లేదు. "నన్ను ఈ కాలేజీలో ఒంటరిదాన్ని చేసి పోతున్నావే" అని ఏడ్చింది.

ఆగస్టులో యెసేనియా అదే కాలేజీ గేటు ముందు తల వంచుకుని నిలబడింది.

ఇక్కడ చదివేటప్పుడు పొద్దున పూట పీచ్ పళ్లు ప్యాక్ చేసే షెడ్డులో పని. అందుకని ల్యాబ్ లేని కెమిస్ట్రీని ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో పూర్తిచేసింది. యూనివర్సిటీవాళ్లు ఆ క్రెడిట్లను కాదనలేదు, మొత్తంలో కలుపుకున్నారు. తను చేరాల్సిన నర్సింగు కోర్సుకు మాత్రం పనికిరావన్నారు. ఈ టర్ములో పాత కాలేజీలోనే ల్యాబ్ చేస్తే జనవరిలో రమ్మన్నారు, లేదంటే మరో ఏడాది ఆగాలి. ముందే కాలేజీ కౌన్సెలర్‌ను అడిగితే ఒక్క మాటతో తేలిపోయేది. అడగడానికి నామోషీ పడింది. పైగా నోయెమికి తనే సలహా ఇచ్చింది, "ల్యాబ్ క్లాసు మానేయ్, దండగ" అని. పిచ్చిది, మానేసింది.

ఇంట్లోవాళ్లకు చెప్పుకోవచ్చు. తిట్టి ఊరుకుంటారు. నోయెమి ముఖం ఎలా చూడటం? అయినా చూడక తప్పదు. ల్యాబ్ క్లాసు మొదలయ్యేది ఇవాళే, ఇది దాటితే దాని ఏడాది కూడా పోతుంది. ఫోన్ చేసి ల్యాబ్ గది దగ్గరికి రమ్మంది.

నోయెమి నవ్వుతూ వచ్చింది. "ఏమే దొరసానీ! మమ్మల్ని చూసి జాలిపడ్డానికి వచ్చావా?"

యెసేనియా అంతా చెప్పింది. నోయెమి నవ్వు ఆరిపోయింది.

"నువ్వు మునిగింది చాలక నన్నూ ముంచావన్నమాట."

ఇద్దరూ ల్యాబ్ గదిలోకి వెళ్లారు.

క్లాసు నిండిపోయింది. మొదటిరోజు రానివాళ్ల సీట్లు గోడవారన కాచుకున్నవాళ్లకు ఇస్తారు. బెద్రోసియన్ మాస్టారు అలా కాచుకున్న అందరి పేర్లూ చీటీలమీద రాయించి బీకరులో వేశాడు. "ఒకటే ఖాళీ" అని చీటీ తీశాడు.

"యెసేనియా బర్రాగాన్."

యెసేనియా నోరు విప్పలేదు. నోయెమి పక్కనుంచి కళ్లు పెద్దవి చేసి చూస్తోంది.

"వెళ్లిపోయిందా? సరే." మాస్టారు ఇంకో చీటీ తీశాడు. "టౌ వాంగ్."

వెనకనుంచి ఎవరో పొడుగాటి కుర్రాడు చెయ్యెత్తాడు.

బయటికి రాగానే నోయెమి ఆమె భుజం పట్టి గుంజింది. "నోట్లో నాలుక లేదా? రెండో చీటీ నాదే వస్తుందనుకున్నావా?"

"ఊఁ."

"నాకిచ్చిన సలహా చాల్లేదు, దేవుడికి కూడా ఇవ్వబోయావు. పద, కౌన్సెలర్ దగ్గరికి. ఇంకెక్కడైనా ల్యాబ్ ఉందేమో నేనడుగుతా. నువ్వు నోరెత్తకు."

కౌన్సెలర్ గది గోడనిండా ఆ ఏడాది యూనివర్సిటీలకు వెళ్లినవాళ్ల ఫోటోలు. వాటిలో ఒకదానిలో యెసేనియా పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. నోయెమి దాన్ని చూసి ముఖం తిప్పుకుంది. ఏదైనా అన్నా బాగుండేది.

వాళ్ల వంతు వచ్చింది. నోయెమి నోరు తెరిచేలోగా యెసేనియా ముందుకు జరిగింది.

"మేడమ్, ఆ ఫోటో తీసేయండి. నేనింకా వెళ్లలేదు."